నింపాదిగా, నారింజ నీడన

సెవియ్యా నగర వీధుల్లో 40 వేలకు పైగా నారింజ చెట్లున్నాయి. ఏ ఒక్కదాని కాయా నోట పెట్టలేం. ఆ సంగతి తెలియక, ఊళ్ళో దిగిన మొదటి సాయంత్రమే, కోతల్లో తప్పించుకుని కొమ్మకు మిగిలిన కాయ ఒకటి తెంపి, వొలిచి, తొన నోట్లో వేసుకున్నాను. చెవుల దాకా జివ్వుమంది. దబ్బకాయ పులుపూ కాకరకాయ చేదూ కలిపి పిండినట్టుంది. ఎదురు బెంచీ మీది పెద్దాయన నా వంక చూశాడు గాని నవ్వలేదు. ఏటా ఇలాంటి అమాయకుల్ని చూసి చూసి ఆయనకు నవ్వు అరిగిపోయి ఉంటుంది. పైకి చూడమన్నట్టు చెయ్యెత్తాడు. ఆకుల మధ్య తెల్లటి మొగ్గలు, అప్పుడే విచ్చుకుంటున్న పూలు. ఊరు ఈ చెట్టును పెంచుకునేది వాటి కోసమన్నమాట.

స్పెయిన్ దక్షిణపు కొసన ఉన్న ప్రాంతం అందలూసియా. దాని రాజధాని సెవియ్యా. ఇంగ్లిషు వాళ్ళ నోట సెవిల్. మార్చి మధ్యలో, చలి తగ్గేదాన్ని బట్టి ఓ వారం అటూ ఇటుగా, ఊరంతా ఒక్కసారి పూతకొస్తుంది. ఆ పూతను ఇక్కడ ‘అసఆర్’ అంటారు. పువ్వు అనే అరబ్బీ మాట అది. పగలు వాసన అంతగా తెలియదు. మార్చి ఆఖరి ఆదివారం గడియారాలు గంట ముందుకు తిప్పుతారు కాబట్టి ఆ తర్వాత ఎనిమిదిన్నర దాటితే గాని పొద్దు గూకదు. అప్పుడు వాసన గోడల వెంట దిగి సందుల్లో నిలుస్తుంది. ఉగాది నాడు బాగా పూసిన వేపచెట్టు కింద నిలబడితే తేనెలాంటి వాసన ఒకటి వస్తుంది చూడండి, దానికి దగ్గరి చుట్టం.

కాయను స్పానిష్‌లో ‘నరాంహా’ అంటారు. వినగానే చెవి రిక్కించుకోవాల్సిన మాట. స్పానిష్‌కు ఇది అరబ్బీ ‘నారంజ్’ నుంచి వచ్చింది. అరబ్బీకి పారశీక ‘నారంగ్’ నుంచి, పారశీకానికి సంస్కృత ‘నారంగ’ నుంచి. సంస్కృతానికి మాత్రం ద్రావిడ భాషల నుంచే అంది ఉంటుందని చాలామంది భాషావేత్తలు అంటారు. వెయ్యేళ్ళ కిందట అరబ్బుల వెంట చెట్టూ పేరూ కలిసే ఇక్కడి దాకా నడిచాయి. ఇంగ్లిషు వాళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి మొదటి ‘న’ దారిలో రాలిపోయి ఆరెంజ్ అయింది. మనమూ సెవియ్యా వాళ్ళూ మాత్రం ఆ ‘న’ను జారవిడవలేదు. తీపి నారింజ ఐరోపాకు చేరింది చాలా తర్వాత, సముద్ర వ్యాపారాల కాలంలో.

మరి ఇన్ని చేదు కాయలు ఏమవుతాయి? చలికాలంలో పురపాలక సిబ్బంది కొమ్మలు కుదిపి రాల్చుకుపోతారు. తోటల్లో పండించిన కాయలు ఎక్కువగా ఇంగ్లండుకు వెళ్ళి మార్మలేడ్ అవుతాయి. ఇక్కడివాళ్ళు తినని కాయను అక్కడివాళ్ళు రొట్టె మీద రాసుకుని మురుస్తారు. 2021లో ఊరి నీటి సరఫరా సంస్థ 35 టన్నుల రాలిన కాయల రసాన్ని పులియబెట్టి, ఆ వాయువుతో కరెంటు తీసి చూసింది. వీధి కాయతో నీళ్ళ పంపు నడపొచ్చని లెక్క.

ఇలాంటివి నాలుగు రోజులు ఒకే చోట కూర్చుంటే తప్ప తెలియవు. మన యాత్రల తీరు అందరికీ తెలిసిందే: పది రోజులు, ఏడు దేశాలు, ఒక బస్సు, మధ్యాహ్నానికి పప్పన్నం దొరికే హోటలు. పారిస్, స్విట్జర్లాండ్ అలా చూడొచ్చేమో గాని అందలూసియా అలా చిక్కదు. పిల్లల వేసవి సెలవులు చూసుకుని మే ఆఖర్లో బయల్దేరితే మరీ చిక్కదు. అప్పటికే ఎండ మొదలవుతుంది. జూలై, ఆగస్టుల్లో సెవియ్యా ఉన్న లోయ రెంటచింతలకు వియ్యంకురాలు. స్పెయిన్‌లోనే అత్యధికమని నమోదైన వేడి, 47 డిగ్రీలు దాటింది, 2021 ఆగస్టులో పక్కనే ఉన్న కోర్దోబా జిల్లాలోనే.

రావలసింది మార్చి మధ్యకూ మే మధ్యకూ నడుమ. అదీ కింది నుంచి పైకి. ఎందుకంటే ఇక్కడ వసంతం నడిచి కొండెక్కుతుంది (దీపం కొండెక్కినట్టు కాదు లెండి). సెవియ్యా ఇంచుమించు సముద్ర మట్టంలో ఉంది. కోర్దోబా దానికి వందమీటర్లు పైన. గ్రనాద 700 మీటర్ల ఎత్తున. దాని వెనక సియెర్రా నెవాదా, అంటే మంచుకొండల వరుస. అందులో పెద్ద శిఖరం మూలాసెన్ 3,400 మీటర్లు దాటుతుంది. కింద నారింజ పూలు రాలేనాటికి పైన చెర్రీ చెట్లకు మొగ్గలుంటాయి. రైలులో రెండు మూడు గంటల దూరాన్ని రుతువు ఆరు వారాలకు నడుస్తుంది. దానితో పాటు నడిచే ఓపిక ఉంటే ఒకే వసంతాన్ని మూడుసార్లు చూడొచ్చు. నేను ఐదు వారాలే ఉండగలిగాను.

సెవియ్యాలో ఆ ఓపికకు పాఠం చెప్పేది పవిత్ర వారం. ఈస్టరుకు ముందు ఆదివారం నుంచి ఎనిమిది రోజులు. దాని తేదీ మన పండగల్లాగే ఏటా మారుతుంది: వసంత విషువత్తు తర్వాత వచ్చే పున్నమి చూసి, ఆ పైన వచ్చే ఆదివారం ఈస్టరు. అందుకే చాలా ఏళ్ళలో అది మన చైత్ర పున్నమి దరిదాపుల్లోనే పడుతుంది. ఆ రాత్రుల్లో సందు చివర చందమామ దాదాపు నిండుగానే ఉంటాడు.

ఊరేగే వేదికను ‘పాసో’ అంటారు. చెక్కిన కొయ్యపని, వెండి, వందల కొవ్వొత్తులు, పైన క్రీస్తో మరియమ్మో. బరువు టన్నుల్లో. చక్రాలుండవు. కింద తెర చాటున ముప్పై నలభై మంది మెడ వెనక మోస్తారు. బరువు ఒత్తకుండా తలకూ మెడకూ కలిపి మందంగా గుడ్డ చుట్టుకుంటారు. కడవ మోసే మన అమ్మల చుట్టకుదురు లాంటిదే. వాళ్ళకు బయట ఏమీ కనిపించదు. ముందు నడిచే మేస్త్రి లోహపు కొక్కేన్ని తలుపు తట్టినట్టు తడతాడు. మూడో దెబ్బకు మొత్తం వేదిక ఒక్క ఎగురుతో లేస్తుంది. నాలుగు అడుగులు, ఆగడం. మళ్ళీ నాలుగు. మకరేనా పేట మరియమ్మ తన గుడి నుంచి పెద్ద చర్చికి వెళ్ళి తిరిగి గుడికి చేరడానికి పన్నెండు గంటలకు పైగా పడుతుంది. ఆ మరియమ్మ కోసం నేను అర్ధరాత్రి నుంచి ఒక మూల నిలబడ్డాను. కాళ్ళు పడిపోయాయి. పక్కనున్నామె సంచిలోంచి తోర్రిహా తీసి సగం విరిచి ఇచ్చింది. పాలలో నానబెట్టి, గుడ్డు సొనలో ముంచి వేయించి, తేనె రాసిన రొట్టెముక్క అది. ఈ వారం ప్రతి ఇంట్లో ఉంటుంది.

ఊరేగింపులో ముందు నడిచేవాళ్ళ కూచి ముసుగులు చూసి అమెరికా జాత్యహంకార మూక గుర్తొచ్చిందని చాలామంది అంటారు. ఈ ముసుగులు ఆ మూక ముసుగుల కంటే శతాబ్దాలు పాతవి. పశ్చాత్తాపపడేవాడి మొహం పదిమందికీ కనిపించనక్కర్లేదన్న భావంతో వేసుకునేవి. వాటిని చూసి పిల్లలేం భయపడరు. చేతిలో మైనం ఉండ పట్టుకుని ఎదురెళ్ళి, కారుతున్న కొవ్వొత్తి కింద పెట్టమంటారు. ముసుగు మనిషి వంగి చుక్కలు రాలుస్తాడు. ఏటికేడు పెరుగుతుంది ఆ ఉండ. ఒక పిల్లాడి చేతిలోది బత్తాయికాయంత ఉంది. ఎన్నేళ్ళదని అడిగితే నాలుగు వేళ్ళు చూపించాడు. వారం తిరిగాక కూడా వీధి రాళ్ళ మీద మైనం అంటుకునే ఉంటుంది, చెప్పులు కిర్రుకిర్రుమంటాయి.

ఈస్టరు వెళ్ళిన రెండు వారాలకు అటూ ఇటుగా ఊరి జాతర, ‘ఫేరియా’. 1847లో పశువుల సంతగా మొదలైంది. ఇప్పుడు పశువులు లేవు, గుడారాలున్నాయి. అందులో చాలావరకు ఆహ్వానం ఉన్నవాళ్ళకే. గుర్రబ్బండ్లనూ చుక్కల గౌన్లనూ చూస్తూ బయట తిరగడం ఒక పూట బాగుంటుంది. రెండో పూటకు నేను రైలెక్కాను.

సెవియ్యా నుంచి కోర్దోబాకు రెండు రకాల రైళ్ళున్నాయి. 1992లో స్పెయిన్ తన మొదటి హైస్పీడ్ లైను వేసింది ఈ దారిలోనే. దానిలో ముప్పావుగంట. పాత లైను మీద ప్యాసింజరుకు దాదాపు గంటా ఇరవై నిమిషాలు, టికెట్టు బాగా తక్కువ. వేగపు రైల్లో కిటికీ అవతల పచ్చటి గీత ఒకటి కదులుతుంది. ప్యాసింజర్లో ఆ గీత విడిపోయి గోధుమ చేలు, గట్ల మీద ఎర్రటి పాపీ పూలు, ఆలివ్ తోపులు అవుతాయి. పక్కనే గ్వదల్కివీర్ నది. ఆ పేరు ‘వాది అల్ కబీర్’. తెలుగులో చెప్పాలంటే పెద్దేరు. లోరా దెల్ రియో, పాల్మా దెల్ రియో స్టేషన్ల దగ్గర మళ్ళీ నారింజలు. ఇవి తీపివి, తోటలవి, మన బత్తాయి తోటల్లాగా బారులు తీరి ఉంటాయి. గంట గోపురాల మీద, కరెంటు స్తంభాల మీద కొంగలు పెద్ద పెద్ద గూళ్ళు కట్టుకుని ఉంటాయి. అల్మోదోవర్ దాటుతుండగా కొండ నెత్తిన కోట. ఎదురు సీట్లో కూర్చున్న కాలేజీ పిల్లలు ఫోన్లోంచి తలెత్తలేదు. రోజూ చూసే కోట కదా.

కోర్దోబాలో అందరూ చూసేది మెస్కితా. 785 ప్రాంతంలో మొదటి అబ్దుల్ రహమాన్ మొదలుపెట్టిన మసీదు, తర్వాతి పాలకులు పెంచుతూ పోయారు. ఇప్పటికీ 856 స్తంభాలు నిలిచి ఉన్నాయి. 16వ శతాబ్దంలో సరిగ్గా నడిమధ్య కొంత కూల్చి చర్చి కట్టారు. అందరూ ఆ స్తంభాల అడవిలో తల తిప్పుకుంటూ నడుస్తుంటే నేను బయటి ముంగిట్లోనే ఎక్కువసేపు ఉన్నాను. అక్కడ నారింజ చెట్లు వరుసలు తీరి ఉంటాయి, లోపలి స్తంభాల వరుసలు ఎండలోకి నడిచొచ్చినట్టు. చెట్టుకూ చెట్టుకూ నడుమ రాతినేలలో సన్నటి కాలవలు. ఒక చెట్టు పాదు నిండితే నీళ్ళు తర్వాతి పాదుకు పోతాయి.

అయినా కోర్దోబా అసలు ముచ్చట ఇళ్ళల్లో ఉంది. ఇక్కడి పాత ఇల్లు వీధికి దాదాపు వీపు తిప్పి ఉంటుంది: మందపాటి సున్నపు గోడ, చిన్న కిటికీ, ఒక ఇనుప గేటు. లోపల నడిమధ్య ఆకాశానికి తెరిచిన చదరం. గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మన మండువాలోకి వాన దిగుతుంది. ఇక్కడ వాన తక్కువ, కాబట్టి బావి ఉంటుంది. ఎండ నుంచి కాపాడుకోవడానికి గోడ నిండా పూలకుండీలు. జెరేనియం, కార్నేషన్, మల్లె. నేల నుంచి రెండో అంతస్తు దాకా వందల కుండీలు. 1921లో పురపాలక సంఘం ఈ లోగిళ్ళకు పోటీ పెట్టింది. 2012లో ఈ లోగిళ్ళ పండగ యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేరింది. మే మొదటి రెండు వారాలు తలుపులు తీసి ఉంచుతారు, ఎవరైనా లోపలికి వెళ్ళి చూడొచ్చు, డబ్బు అడగరు. శని ఆదివారాల్లో మాత్రం వెళ్ళకండి. పూల కంటే వీపులు ఎక్కువ కనిపిస్తాయి.

నేను ఏప్రిల్ చివర్లో, పోటీకి కొన్నాళ్ళ ముందే ఉన్నాను. అదే నయమైంది. పండగ ముందురోజు వంటింట్లోకి తొంగిచూసినట్టు. ఒక ఇంటి గేటు తీసి ఉంది. లోపల డెబ్బై ఏళ్ళ పైబడిన ఆవిడ పొడవాటి వెదురుబొంగు చివర కట్టిన రేకు డబ్బాను బావిగట్టు తొట్టిలో ముంచి, పైకెత్తి, తలకు రెండింతల ఎత్తున ఉన్న కుండీలో చుక్క నేల పడకుండా వంచింది. అక్కడి నుంచి పక్క కుండీ. రోజుకు ఒకసారి, వేసవిలో రెండుసార్లు. ఎంతసేపు పడుతుందని చేతి గడియారం చూపించి అడిగాను. మూడు వేళ్ళు ఎత్తింది. మూడు గంటలు! పైపు పెట్టుకోవచ్చు కదా అని సైగ చేశాను. నా ముందు కుండీ ఒకటి చూపించి, వేలితో మట్టి నొక్కి, పక్కదాని మట్టి నొక్కి, తల అడ్డంగా ఊపింది. ఏ కుండీ దాహం దానిదే, పైపుకు తెలియదు అని కాబోలు. ఊరు ఇలాంటి ఆడవాళ్ళకు కంచు విగ్రహం కూడా పెట్టింది, చేతిలో అదే బొంగు, అదే డబ్బా.

ఆ రాత్రి భోజనంలో వంకాయ తగిలింది. పొడుగ్గా కోసి, పిండిలో దొర్లించి కరకరలాడేలా వేయించి, పైన నల్లటి చెరకు పాకం ధారగా పోసి పెట్టారు. వంకాయ వేపుడు మీద పాకమా అని ఒక్క క్షణం చెయ్యి ఆగింది. తర్వాత ఆగలేదు. ఉప్పూ తీపీ కలిసి బాగా కుదిరాయి. వంకాయను వీళ్ళు ‘బెరెన్హేనా’ అంటారు. అదీ నారింజ వచ్చిన దారినే, సంస్కృత ‘వాతింగణ’ పారశీకంలో, అరబ్బీలో నలిగి నలిగి ఇలా తేలింది. పంచదార వీళ్ళకు ‘అసూకర్’, మూలం మన ‘శర్కర’. కంచంలో ఉన్నవన్నీ దూరపు బంధువులే. ఆ పాకాన్ని మాలగా తీరానికి దగ్గర్లో ఫ్రిహిలియానా అనే ఊళ్ళో ఇప్పటికీ చెరకు నుంచే కాస్తున్నారు. శాకాహారులకు ఒక మాట: టొమాటో, రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి రుబ్బిన చల్లటి సల్మోరెహో ఇక్కడ తప్పక తినాలి. కానీ పైన పంది మాంసం ముక్కలు చల్లడం వాళ్ళ అలవాటు. ‘సిన్ హమోన్’ అని ముందే చెప్పండి. రాత్రి భోజనం తొమ్మిదికి ముందు అడిగితే వంటవాడు ఇంకా రాలేదంటారు, నిజంగానే రాడు.

గ్రనాద గురించి ఇప్పటికే చాలామంది చాలా రాశారు. అల్‌హంబ్రా రాజమందిరాల్లోకి టికెట్టు మీద అచ్చయిన సమయానికే వెళ్ళాలి. అందుకే అక్కడ అందరూ గడియారం చూసుకుంటూ తిరుగుతారు. నాకు నచ్చింది పైనున్న హెనెరలీఫె తోటలోని మెట్లదారి. చేతిపట్టీ స్థానంలో కాలవ, అందులో నీళ్ళు మనతో పాటు కిందికి దిగుతుంటాయి. అరచెయ్యి పెడితే చల్లగా జివ్వుమంటుంది. దర్రో ఏటి నుంచి ఆరు కిలోమీటర్ల కాలవ తవ్వి ఆ నీళ్ళు కొండమీదికి తెచ్చారు, 13వ శతాబ్దంలో. ఎదుటి కొండ సాక్రోమోంతే గుహల ఇళ్ళల్లో ఫ్లమెంకో పాడే రోమా జనం పూర్వీకులు బయల్దేరింది మన ఉపఖండం నుంచే. వాళ్ళు స్పెయిన్‌లో అడుగుపెట్టినట్టు చెప్పే మొదటి రాతపత్రం 1425 నాటిది. ఇక్కడ రెండు రాత్రులుండి, నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దామని బస్సెక్కాను.

సియెర్రా నెవాదా దక్షిణ వాలును అల్పుహార్ర అంటారు. బస్సు మలుపులు తిరిగి తిరిగి పోకేరా లోయ ఎక్కుతుంది. పంపనేయిరా, బూబియోన్, కపిలేయిరా. ఒకదానిపై ఒకటి మూడు ఊళ్ళు. చివరిది 1,400 మీటర్ల పైన. దూరం నుంచి కొండకు సున్నపు చుక్కలు పెట్టినట్టున్నాయి. దిగి చూస్తే ఇళ్ళన్నీ చదును కప్పులవి. ఐరోపా కొండల్లో ఇలాంటివి అరుదు. చెస్ట్‌నట్ దూలాలు, వాటి మీద పలకరాళ్ళు, ఆ పైన ‘లౌనా’ అనే బూడిదరంగు మట్టి పరిచి తొక్కుతారు. తడిస్తే బిగుసుకుపోయి నీటిబొట్టు దించదట. చౌడు మన్ను తట్టి కట్టిన రాయలసీమ మిద్దెలు కళ్ళముందు కదిలాయి. పైవాడి ముంగిలి కిందివాడి మిద్దె. అదీ అచ్చం అంతే.

సెవియ్యాలో నారింజ పూలు ఎప్పుడో రాలిపోయాయి. ఇక్కడ చెర్రీ చెట్లు ఇంకా తెల్లగా ఉన్నాయి. చెస్ట్‌నట్ చెట్లకు చిగురు కూడా తొడగలేదు. పొద్దున లేస్తే ఊరంతా నీటి చప్పుడు, నీళ్ళు మాత్రం అంతగా కనిపించవు. వీధుల మధ్య సన్నటి కాలవల్లో, బండల కింద, గోడల వెనక పారుతుంటాయి.

ఈ కాలవను ‘అసేకియా’ అంటారు. ఇదీ అరబ్బీ మాటే. వెయ్యేళ్ళ కిందటి ముస్లిం రైతులు కొండ ఒంపుల వెంట తవ్వినవి. వాటిలో ఒక రకం మరీ తెలివైనది. మంచు కరిగే రోజుల్లో ఏటి నీళ్ళను పక్కకు మళ్ళించి, కొండ వాలులో రాయి చిట్లి నీరు పీల్చే చోటికి తీసుకెళ్ళి అక్కడ వదిలేస్తుంది. పొలానికి ఇవ్వదు, చెరువుకు ఇవ్వదు, కొండకే తాగిస్తుంది. ఆ నీళ్ళు లోపలే మెల్లగా దిగి, వారాలకో నెలలకో, ఎండాకాలం నడిమధ్య, కింది ఊళ్ళ ఊటల్లో పైకొస్తాయి. మనం ఏళ్ళ తరబడి గోడల మీద రాసుకుంటున్న ఇంకుడు గుంత, కొండంత కొలతలో. 16వ శతాబ్దంలో ఆ రైతుల వారసులు మొరిస్కోలు (బలవంతంగా క్రైస్తవంలోకి మార్చిన ముస్లింలు) తిరగబడ్డారు. వాళ్ళను అణచి ఈ లోయల నుంచి వెళ్ళగొట్టి, ఉత్తరాది జనాన్ని తెచ్చి నింపారు. కాలవల గుట్టు కొత్తవాళ్ళకు చెప్పడానికి ఊరికి రెండు కుటుంబాల్ని మాత్రం ఉండనిచ్చారని ఇక్కడ చెప్పుకుంటారు. గత శతాబ్దంలో యువకులు పట్నాలకు వెళ్ళిపోవడంతో చాలా కాలవలు పూడిపోయాయి. గ్రనాద విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014 నుంచి ఊరివాళ్ళతో, స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళతో కలిసి ఒక్కొక్కటే పూడిక తీయిస్తున్నారు. పార, గొడ్డలి, చేతులు. యంత్రం ఎక్కలేని వాలు అది.

కపిలేయిరా పైన ఒక ఉదయం అలాంటి కాలవ గట్టు పట్టుకుని నడిచాను. గట్టు అడుగున్నర వెడల్పు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క లోయ. గంట నడిచాక ఎదురుగా భుజాన పార వేసుకుని ఒకాయన వస్తున్నాడు. నీళ్ళు ఏ పూట ఎవరి మడికి పోవాలో చూసేవాణ్ని ఇక్కడ అసేకియేరో అంటారు. తెలంగాణ ఊళ్ళల్లో నీరటికాడు చేసే పనే. ఇద్దరం పక్కపక్కన పట్టం. ఆయన నన్ను ఆగమని సైగచేసి, వంగి, పారతో రెండు గడ్డలు తీసి ఇటు వేసి, ఒక రాయి అటు జరిపాడు. నీళ్ళు ఒక్క క్షణం తటపటాయించి కొత్త దారిలోకి తిరిగాయి. కింద రెండు మడులవతల చెర్రీ చెట్టు మొదట్లో ఎండుటాకులు తేలడం మొదలైంది. ఆయన చేతులు కడుక్కుని, జేబులోంచి కాగితంలో చుట్టిన రొట్టె తీసి, గట్టు మీద కూర్చోమన్నట్టు పక్కకు జరిగాడు.